సోలార్ యూనిట్ రెండున్నరకే దొరుకుతుంటే కరెంటు బిల్లు ఎందుకు తగ్గడం లేదు?

అడిగిన ప్రశ్న ఇది: "సోలార్ కరెంటు యూనిట్ రెండున్నర రూపాయలకే వస్తోందని పేపర్లో చదువుతున్నాం. దేశ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గుతో సంబంధం లేనిదే అని ప్రభుత్వం చెబుతోంది. మరి మనం వాడే కరెంటులో డెబ్బై శాతం దాకా ఇంకా బొగ్గు నుంచే ఎందుకు వస్తోంది? మా బిల్లు ఎందుకు తగ్గదు? ఈ పునరుత్పాదక విధానం నిజంగా పనిచేస్తోందా?"

పనిచేస్తోంది. మొదట పెట్టుకున్న పనిని, అంటే ప్యానెళ్లూ గాలిమరలూ చవగ్గా, వేగంగా పెట్టించడాన్ని, చాలా బాగా చేసింది. అక్కడ తయారైన కరెంటును మనకు కావలసిన గంటలో, కావలసిన చోటికి చేర్చే పని మాత్రం ఇంకా మధ్యలోనే ఉంది. మీ బిల్లు ఇరుక్కున్నది అక్కడే. నేను ఇళ్లకు కరెంటు పంచే కంపెనీ అయిన డిస్కంలో కరెంటు కొనుగోళ్ల విభాగంలోనూ, అంతకుముందు ఏ ప్లాంటు ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చూసే లోడ్ డిస్పాచ్‌లోనూ చాలా ఏళ్లు పనిచేశాను. ఆ వైపు నుంచి చూసినట్టు చెబుతాను.

ముందు ఆ "సగం" సంగతి. 2025 జూన్ చివరికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం సుమారు 485 గిగావాట్లు (గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు). అందులో 243 గిగావాట్ల దాకా బొగ్గు, గ్యాస్, డీజిల్ కానివి. 2030 నాటికి చేరుకుంటామని ప్రపంచానికి మాటిచ్చిన 50 శాతాన్ని ఐదేళ్లు ముందే అందుకున్నాం. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కాకపోతే పెద్ద జలవిద్యుత్ కేంద్రాలూ, అణు విద్యుత్తూ కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి. పైగా ఒక మెగావాటు సోలార్, ఒక మెగావాటు బొగ్గు ప్లాంటు ఏడాదికి ఒకే మోతాదులో కరెంటు ఇవ్వవు. మెగావాటు సోలార్ ప్లాంటు మంచి ఎండ ఉన్న చోట తన సామర్థ్యంలో 22 శాతం వినియోగంతో ఏడాదికి 19 లక్షల యూనిట్లు ఇస్తే, 70 శాతం మీద నడిచే బొగ్గు ప్లాంటు 61 లక్షల యూనిట్లు ఇస్తుంది. కాబట్టి సామర్థ్యంలో సగం ఉన్నా యూనిట్లలో పావు వంతు చుట్టూ ఉండటంలో మోసమేమీ లేదు, రాత్రి ఎండ ఉండదంతే.

ఇక ధర. 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు లక్ష్యం 2022 నాటికి 20 గిగావాట్లు. తొలి వేలంలో యూనిట్ పదకొండు, పన్నెండు రూపాయలకు పాడారు. అదే అప్పట్లో చాలా చవక అనిపించింది, ఎందుకంటే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన రేటు దాదాపు 18 రూపాయలు. 2015లో సోలార్ లక్ష్యాన్ని 100 గిగావాట్లకు పెంచి, గాలి, బయోమాస్, చిన్న జలవిద్యుత్ కలిపి 175 గిగావాట్లు అన్నారు. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కుకు 2.44 రూపాయల ధర పలికింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99కి దిగింది. పదేళ్లలో ఆరో వంతుకు పడిపోయింది.

చైనా ప్యానెళ్ల ధర పడిపోవడం ఇందులో పెద్ద కారణమే. అదొక్కటే అయితే మన దగ్గర ఇంత చవక అయ్యేది కాదు. సోలార్ కోసం 2011లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకి మధ్యలో నిలబడి కొనుగోలు ఒప్పందం తన పేరు మీద చేసుకోవడంతో, నష్టాల్లో ఉన్న డిస్కంని నమ్మని బ్యాంకులు కూడా అప్పిచ్చాయి. సోలార్ పార్కుల్లో భూమీ, సబ్‌స్టేషనూ ముందే సిద్ధంగా ఉన్నాయి. రాష్ట్రాలు దాటించే లైన్ల చార్జీని 2025 జూన్ 30 లోపు పూర్తయ్యే ప్రాజెక్టులకు మాఫీ చేశారు. ఎవరు తక్కువకు పాడితే వాళ్లకే పని ఇచ్చే రివర్స్ వేలం మిగతా పని చేసింది. ప్రభుత్వం సొంతంగా పెద్ద ఖర్చు పెట్టకుండానే ధర దించగలిగింది. పేద దేశాలకు ఇది చాలా విలువైన పాఠం అని నా అభిప్రాయం.

175 గిగావాట్ల లక్ష్యం 2022 చివరికి 120 దగ్గర ఆగింది. తగ్గిన దాంట్లో పెద్ద వాటా ఇళ్ల పైకప్పులది. 40 గిగావాట్లు అనుకుంటే అందులో ఐదో వంతు కూడా రాలేదు. అదెందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. లోడ్ డిస్పాచ్ గదిలో కూర్చున్నవాళ్లకు కరెంటు అనేది యూనిట్ల లెక్కగా కనపడదు, గంటల లెక్కగా కనపడుతుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పన్నెండుకి సోలార్ పొంగి వస్తుంది. బొగ్గు ప్లాంట్లను తగ్గించుకుంటూ పోతారు. కానీ వాటిని పూర్తిగా ఆర్పలేరు. ఉత్పత్తిని సామర్థ్యంలో 55 శాతం స్థాయికి దించవచ్చని గ్రిడ్ కోడ్, అంటే కరెంటు సరఫరా వ్యవస్థ నియమావళి, చెబుతుంది. అంతకంటే తగ్గిస్తే బాయిలర్‌లో మంట నిలకడగా ఉండదు. ఒకసారి ఆర్పితే మళ్లీ వేడెక్కి గ్రిడ్‌కి రావడానికి గంటలు పడుతుంది. సాయంత్రం ఆరు దాటేసరికి సోలార్ సున్నా. అదే సమయానికి ఇళ్లలో లైట్లు, ఏసీలు, వీధుల్లో దుకాణాలు అన్నీ మొదలు. ఆ రెండు మూడు గంటల్లో బొగ్గునూ, జలవిద్యుత్తునూ వీలైనంత వేగంగా పైకి లాగాలి. ఆ షిఫ్టులో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది ఆ టెన్షన్.

కరెంటును రోజువారీ కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్‌లో ధర చూస్తే ఇదంతా కనపడుతుంది. ఎండ బాగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ధర రూపాయి, రెండు రూపాయల స్థాయికి పడిపోతుంది. డిమాండ్ ఎక్కువున్న కాలంలో అదే రోజు రాత్రి గరిష్ఠ పరిమితి అయిన పది రూపాయలను తాకుతుంది. మదనపల్లె మార్కెట్‌కి టమాటా అంతా ఒకే వారంలో దిగితే రేటు ఏమవుతుందో, మధ్యాహ్నం కరెంటుకీ అదే అవుతోంది.

మీ బిల్లు సంగతి ఇక్కడ తేలుతుంది. డిస్కం కొత్తగా రెండున్నరకు సోలార్ యూనిట్ కొంటే, దానివల్ల ఆదా అయ్యేది బొగ్గు ప్లాంటులో ఇంధన ఖర్చు మాత్రమే. ఆ ప్లాంటు కట్టినందుకు ఇవ్వాల్సిన ఫిక్స్‌డ్ చార్జీ కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఇవ్వాల్సిందే, పాతికేళ్ల ఒప్పందం అది. గని పక్కనే ఉన్న కొన్ని పాత ప్లాంట్లలో ఇంధన ఖర్చు యూనిట్‌కి రెండు రూపాయల లోపే. అక్కడ తగ్గించి రెండున్నరకు సోలార్ కొంటే ఆ యూనిట్ మీద ఆదా కాదు, నష్టం. దూరం నుంచి రైల్లో బొగ్గు తెచ్చుకునే ప్లాంటును తగ్గిస్తే మాత్రం బాగా లాభం. రాష్ట్రానికి ఎలాంటి ప్లాంట్లు ఉన్నాయన్న దాన్ని బట్టి లెక్క మారిపోతుంది. దీని మీద ట్రాన్స్‌మిషన్, డిస్ట్రిబ్యూషన్ ఖర్చులు, లైన్ నష్టాలు, గత సంవత్సరాల ఖర్చుల తేడాను వసూలు చేసే ట్రూ-అప్ వచ్చి కూర్చుంటాయి. ఇన్ని పొరల కింద ఆ రెండున్నర కనపడకుండా పోతుంది.

అందుకే నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఇంతవరకూ మన విధానం మెగావాట్లు కొన్నది. ఇకనుంచి అది గంటలు కొనాలి. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా కరెంటు ఎంతకు ఇస్తావు అని అడిగే వేలాలు మామూలు విషయం కావాలి.

ఆ మార్పు మొదలైంది కూడా. 2024 డిసెంబరులో సెకి పెట్టిన ఒక వేలంలో, 2,000 మెగావాట్ల సోలార్‌తో పాటు 1,000 మెగావాట్లను నాలుగు గంటలపాటు ఇవ్వగల నిల్వ కూడా కలిపి యూనిట్ 3.52 రూపాయలకు వచ్చింది. 2025లో ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బిహార్ రాష్ట్రాలు కొత్త బొగ్గు ప్లాంట్లకు కుదుర్చుకున్న రేట్లు ఐదు రూపాయలు దాటి ఆరు దాకా ఉన్నాయి. రెండూ అచ్చంగా ఒకే సరుకు కాదు. బొగ్గు ప్లాంటు వానాకాలంలో వారం రోజులు మబ్బు పట్టినా ఇస్తుంది, నాలుగు గంటల బ్యాటరీ ఇవ్వలేదు. అయినా సాయంత్రం పీక్, అంటే వాడకం అత్యధికంగా ఉండే సమయం, ఒక్కదాని కోసమే అయితే కొత్త బొగ్గు ప్లాంటుతో పాతికేళ్ల ఒప్పందం చేసుకోవడం ఇప్పుడు సమర్థించలేని పని. బ్యాటరీ నిల్వ అద్దె 2022 వేలంలో మెగావాటుకు నెలకు 10.83 లక్షల రూపాయలు పలికింది. 2025 కల్లా కేంద్రం ఇచ్చే సాయంతో కలిపి రెండు లక్షల పైచిలుకుకు దిగింది. ప్యానెళ్లకు పదేళ్లలో జరిగింది బ్యాటరీలకు మూడేళ్లలో జరిగింది.

పంప్డ్ స్టోరేజ్‌లో మన రెండు రాష్ట్రాలకు ఉన్న వసతి చాలా రాష్ట్రాలకు లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఉంది. మధ్యాహ్నం సోలార్‌తో నీళ్లు పైకెక్కించి సాయంత్రం కిందికి వదలడం దాని పని. ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోనూ నీళ్లు వెనక్కి తోడగల రివర్సిబుల్ యూనిట్లు ఎప్పుడో పెట్టారు. శ్రీశైలంలోనే అలాంటివి 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి. కృష్ణా నీటి వాటాల గొడవ తేలకపోవడంతో వాటిని గ్రిడ్ అవసరాన్ని బట్టి స్వేచ్ఛగా నడపడం కష్టమవుతోంది. కొత్త ప్రాజెక్టులకు వేల కోట్లు వెతుక్కునే ముందు, ఇప్పటికే డబ్బు పెట్టేసిన ఈ యూనిట్ల కోసం రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒక ఒప్పందానికి రావాలని నాకు ఎప్పటినుంచో ఉన్న కోరిక.

నిల్వ కంటే చవకైన ఉపాయం ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వ్యవసాయ మోటార్లు. ఒకప్పుడు మన ఊళ్లలో వ్యవసాయానికి అర్ధరాత్రి కరెంటు ఇచ్చేవాళ్లు, ఎందుకంటే రాత్రి బొగ్గు కరెంటు మిగిలిపోయేది. రైతు టార్చిలైటు పట్టుకుని చేలోకి వెళ్లాల్సి వచ్చేది. పాము కాటుకీ, షాక్‌కీ ఎంతమంది పోయారో. ఇప్పుడు మిగిలేది పగటి కరెంటు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వాలన్న విధానం, వ్యవసాయ ఫీడర్లను (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లను) ఊరి ఫీడర్ల నుంచి విడదీయడం, మహారాష్ట్రలో ఆ ఫీడర్ల దగ్గరే చిన్న సోలార్ ప్లాంట్లు పెట్టడం, ఇవన్నీ ఒక్క దెబ్బకు రెండు పనులు చేస్తాయి. రైతు రాత్రి ఇంట్లో పడుకుంటాడు, సాయంత్రం పీక్ తగ్గుతుంది. బ్యాటరీకి పెట్టే ఖర్చులో కొంత ఫీడర్ల మీద పెడితే ముందుగా లాభపడేది పల్లెలే.

ఒప్పందాల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన రాష్ట్రంలో జరిగింది దేశమంతా గుర్తుపెట్టుకుంది. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ డిస్కంలు గాలి కరెంటుకు నియంత్రణ మండలి ఖరారు చేసిన 4.84 రూపాయల చుట్టూ పాతికేళ్లకు ఒప్పందాలు చేసుకున్నాయి. 2017 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి గాలి ప్రాజెక్టులకు వేలం పెడితే 3.46 వచ్చింది, ఆ ఏడాది చివరికి గుజరాత్‌లో 2.43. పక్కవాళ్లు సగం ధరకు కొంటుంటే మనం పాత రేటు ఎందుకు కట్టాలి అన్న బాధ అర్థం చేసుకోదగ్గదే. 2019 జూలై 1న కొత్త ప్రభుత్వం జీవో 63 ఇచ్చి పాత ఒప్పందాలను తిరిగి బేరమాడటానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. అదే ఏడాది సెప్టెంబరులో గాలికి 2.43, సోలార్‌కి 2.44 చొప్పున మధ్యంతరంగా చెల్లించమని సింగిల్ జడ్జి చెప్పారు. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసి, ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పు ఇచ్చింది.

ఆ మూడేళ్లలో బ్యాంకులు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఇక్కడ ప్రభుత్వం మారితే కాగితం మారవచ్చు అని. ప్రాజెక్టు ఖర్చులో మూడొంతులు అప్పే ఉండే ఈ రంగంలో వడ్డీ ఒక శాతం పెరిగినా యూనిట్ ధరలో కనపడుతుంది. అది చివరికి మీ బిల్లులోకే వస్తుంది. నా దృష్టిలో అసలు లోపం 2019లో మొదలవలేదు. వేలం ధరలు పడిపోతున్న సంగతి కళ్లముందు కనపడుతున్నా స్థిర ధర పద్ధతిని అట్టే పొడిగించినప్పుడే మొదలైంది. చేసేశాక ఒప్పందాన్ని గౌరవించడమే తక్కువ నష్టం.

వియత్నాం ఇదే పొరపాటును ఇంకా పెద్ద ఎత్తున చేసింది. 2017లో సోలార్‌కు యూనిట్ 9.35 అమెరికన్ సెంట్ల స్థిర ధర ప్రకటించి గడువు పెట్టింది. గడువు లోపు కట్టేయాలని అందరూ ఎగబడ్డారు. దాదాపు ఏమీ లేని స్థితి నుంచి 2020 చివరికి 16 గిగావాట్లు దాటిపోయింది. ఎండ బాగా ఉండే దక్షిణ ప్రాంతాల్లో ప్లాంట్లు కిక్కిరిశాయి, ఉత్తరానికి తీసుకెళ్లే లైన్లు చాలలేదు. దక్షిణాన సోలార్ ఆపేయమన్న ఆ దేశంలోనే 2023 వేసవిలో ఉత్తరాన కరెంటు కోతలు పెట్టారు.

మన రాజస్థాన్‌లో ఇప్పుడు కనపడుతున్నది దానికి చుట్టమే. సోలార్ ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది. 765 కేవీ లైన్ వేయడానికి మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. దారి హక్కులు రావాలి, రైతుకు టవర్ పరిహారం ఇవ్వాలి, అంతరించిపోతున్న బట్టమేక పిట్ట తిరిగే ప్రాంతంలో లైన్ల గురించి సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాన్ని 2024లో సడలించే దాకా ఎదురుచూడాలి. 2025లో అక్కడ తయారైన కరెంటును తీసుకెళ్లలేక మధ్యాహ్నం పూట ప్లాంట్లను ఆపించారు. తాత్కాలిక అనుమతితో గ్రిడ్‌కి కలిసినవాళ్లకే ముందు కోత పడింది. పునరుత్పాదక ప్లాంట్లను ఆపకూడదని 2021 నిబంధనలు ఉన్నాయి. లైన్ లేకపోతే ఆ నిబంధన కాగితం మీదే ఉంటుంది. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కొత్తగా వస్తున్న ప్రాజెక్టుల విషయంలో మనం చూసుకోవాల్సింది ఇదే. ఎంఓయూల మెగావాట్లతో పాటు వాటికి సబ్‌స్టేషన్ ఎప్పుడు వస్తుందన్న తేదీ కూడా అడగాలి.

వేలంలో గెలిచి కూడా కొనేవాళ్లు దొరకక 40 గిగావాట్లకు పైగా ప్రాజెక్టులు 2025లో ఒప్పందం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి. డిస్కంలను తిట్టడం తేలిక. నేను ఆ కుర్చీలో ఉన్నా మధ్యాహ్నం మాత్రమే వచ్చే కరెంటును, వచ్చే ఏడాది ఇంకా చవకగా దొరికేదాన్ని, పాతికేళ్లకు ఇప్పుడే కొనడానికి వెనకాడతాను.

భూమి గురించి ప్రశ్నలో లేదు గానీ వదిలేయలేను. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల పార్కు ఆరు వేల ఎకరాల దాకా తీసుకుంది. అనంతపురం సరిహద్దుకు అవతల, తెలుగు మాట్లాడే రైతులు ఎక్కువగా ఉన్న కర్ణాటక పావగడలో వేరే దారి పట్టారు. 2,050 మెగావాట్ల పార్కు కోసం దాదాపు 13 వేల ఎకరాలను కొనకుండా రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. వానలు లేక వేరుశనగ ఎండిపోయే నేలకు అది నమ్మకమైన ఆదాయం, పట్టా కూడా రైతు పేరు మీదే ఉంటుంది. నేను కౌలు పద్ధతి వైపే ఉంటాను. కానీ ఆ చేలల్లో కూలికి వెళ్లేవాళ్లకూ, గొర్రెలు మేపుకునేవాళ్లకూ పట్టా లేదు కాబట్టి కౌలూ లేదు. వాళ్ల పని మాత్రం పోయింది. ఏ రాష్ట్ర విధానంలోనూ వాళ్లకు ఇంతవరకూ సరైన చోటు దొరకలేదు. ప్రాజెక్టు ఆదాయంలో యూనిట్‌కు ఒక పైసా చొప్పున ఆ గ్రామాల కూలీల నిధికి కట్టించినా ఎవరి బిల్లూ పెద్దగా పెరగదు.

స్వదేశీ తయారీ గురించి క్లుప్తంగా: 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి ప్యానెళ్ల మీద 40 శాతం, ప్యానెళ్లలో వాడే సెల్స్ మీద 25 శాతం సుంకం వేశారు. ధర కొంత పెరిగింది. ఒక్క దేశం మీద ఆధారపడకుండా ఉండటానికి అంత ఖర్చు భరించవచ్చనే అనుకుంటాను.

చివరగా మీ ఇంటి సంగతి. పైకప్పు సోలార్ ఇన్నాళ్లూ వెనకబడటానికి కారణం డిస్కంకి అందులో ఆసక్తి లేకపోవడమే. ఎక్కువ యూనిట్లు వాడి ఎక్కువ రేటు కట్టే ఇళ్లే ముందుగా ప్యానెళ్లు పెట్టుకుంటాయి, తక్కువ రేటు వాళ్లకు ఇచ్చే రాయితీ భారం మోసేది ఆ ఇళ్లే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంతో పరిస్థితి కొంత మారింది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల వరకు సబ్సిడీ నేరుగా ఖాతాలో పడుతుంది. నెలకు 250 యూనిట్లు దాటి వాడేవాళ్లయితే, పైకప్పు మీద నీడ పడకపోతే, పెట్టించుకోండి. సబ్సిడీ కోసమని అవసరానికి మించి పెద్దది మాత్రం పెట్టించవద్దు. ఇప్పుడు మధ్యాహ్నం మీరు గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్‌ను సాయంత్రం అదే విలువకు వెనక్కి తీసుకుంటున్నారు. మధ్యాహ్నం ధరకూ, సాయంత్రం ధరకూ ఇంత తేడా ఉన్నప్పుడు ఈ సదుపాయం ఇలాగే ఎల్లకాలం ఉంటుందని నేను లెక్క వేయను. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల్లోనే ఎండ ఉన్న గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో ఎక్కువ ఉండాలని ఉంది. అది పూర్తిగా అమల్లోకి వస్తే వాషింగ్ మెషిన్, గీజర్, బోరు మోటారు పగలు వేసుకునే ఇంటికి లాభం.

ఇంకొక పని మీరు చేయగలరు. డిస్కంలు సాధారణంగా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీకి) ఇస్తాయి. దాని మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, డిస్కం సమాధానం ఇవ్వాలి. చాలామంది అక్కడ రేటు పెంచవద్దని అడిగి వచ్చేస్తారు. మీరు మూడు ప్రశ్నలు అడగండి: సాయంత్రం ఆరు నుంచి పదకొండు మధ్య కొన్న కరెంటుకు సగటున ఎంత పెట్టారు, నడపని బొగ్గు ప్లాంట్లకు ఫిక్స్‌డ్ చార్జీ ఎంత కట్టారు, నిల్వ కోసం ఎన్ని మెగావాట్లకు ఎప్పుడు వేలం పెడుతున్నారు. నివేదికలో నెలవారీ కొనుగోళ్ల పట్టికలు ఉంటాయి, గంటలవారీ లెక్క విడిగా అడిగి తీసుకోవాలి. ఆ పట్టిక చేతికి వచ్చాక ఇక్కడ పెట్టండి, ఎలా చదవాలో కలిసి చూద్దాం.